మోటారు లేని మిషను

టైలరమ్మ కాఫీ మిషను తొట్టిలో నీళ్ళు పోస్తోంది. తొట్టి పక్కన గీతలున్నాయి, నాలుగో గీత దగ్గర ఆపాలి. ముప్పై ఏళ్ళుగా గీతల మీదే బతికిన మనిషి కనుక, కళ్ళు గీతకు సమంగా వచ్చేలా వంగి, చివరి చుక్కలు వేలి మీదుగా జార్చి మరీ ఆపింది. వడకట్టే కాగితం తీసుకుని కుట్టున్న అంచును పుస్తకంలో చెప్పినట్టు మడిచి బుట్టలో పరిచింది. పొడి నాలుగు చెంచాలు వేసింది. జగ్గును పళ్ళెం మీదికి టక్కుమనేదాకా తోసి మీట నొక్కింది. అప్పటికి టైము ఐదూ ముప్పావు.

మిషనుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆమె నిన్న మూడుసార్లు చదివింది. తొట్టిలోని నీళ్ళు అడుగున ఉన్న గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టాన్ని అంటుకుని ఒక కాలే తీగ ఉంటుంది. నీళ్ళు అక్కడ మరిగి బుడగలు లేస్తాయి. ఆ బుడగలు వేడినీళ్ళను దఫాదఫాలుగా పైకి నెడతాయి. పైనున్న చిల్లుల్లోంచి ఆ నీళ్ళు పొడి మీద చినుకుల్లా పడి, కాగితం గుండా దిగి, జగ్గులోకి కాఫీగా వస్తాయి. జగ్గు కింది పళ్ళెం వేడిగా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరు ఎప్పుడు లేచినా కాఫీ చల్లారదు. ఈ చివరి వాక్యం కోసమే ఆమె మిషను కొన్నది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే, తాగేది పాలు కలపని కాఫీయే. కానీ పొద్దున కాఫీ మూడుసార్లు పెట్టాలి. అత్తగారికి ఆరింటికి, భర్తకు ఆరున్నరకు, పేపరు చదివాక మళ్ళీ ఆయనకే ఏడింటికి. పార్కు వెనక ఈతకొలనులో ఆడవాళ్ళ తరగతి కూడా ఏడింటికే. ఏడు కొట్టగానే గేటు వేసేస్తారు. మూడు రోజులు మానేస్తే పేరు కొట్టేస్తారు, మళ్ళీ పేరెక్కాలంటే వచ్చే ఏడే. టైలరమ్మకు ఇప్పటికే రెండు రోజులు పోయాయి. ఒకరోజు అత్తగారు కాఫీ పలచనైందని రెండోసారి పెట్టించింది. ఇంకోరోజు భర్త పైయింటి వకీలుగారిని కాఫీకి పిలిచాడు.

పోయినవి పోగా మిగిలిన ఇరవై రోజులూ ఆమె గట్టు పట్టుకుని కాళ్ళు కొడుతూనే ఉంది. ఈవేళ గట్టు వదలాలని ఈత నేర్పే మేడం చెప్పింది. "యాభై నాలుగేళ్ళొచ్చాయి. ఇప్పటిదాకా పట్టుకోవడమేగానీ ఏదీ వదల్లేదు. వదిలితే ఎలా ఉంటుందో చూస్తా" అని టైలరమ్మ కూడా మాటిచ్చింది. ఈత బట్టలు తానే కుట్టుకుంది. మెడ నుంచి మడమ దాకా ఎక్కడా ఒక్క కుట్టు ఊడదు.

అత్తగారితో మాత్రం నిన్న సాయంత్రమే ఒప్పందం అయింది.

"పొయ్యి ముట్టకుండా కాఫీ వస్తే నువ్వు నీళ్ళలో దూకు, నిప్పుల్లో దూకు, నేనడగను. రాకపోతే మాత్రం ఈతా గీతా కట్టిపెట్టి నీ పొయ్యి దగ్గర నువ్వుండాలి. సరేనా?" అంది అత్తగారు.

"సరే అత్తయ్యా. కాఫీ పెట్టాకే గడప దాటుతా. పొయ్యి మాత్రం వెలిగించను" అంది టైలరమ్మ.

భర్త పేపరు మడిచి, "నేను సాక్షి" అన్నాడు. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. ముప్పై ఐదేళ్ళు నీళ్ళ పంపులు బిగించి, విప్పి, బాగుచేసిన మనిషి. రెండేళ్ళ కిందట పని మానేశాడు. చెవులు మాత్రం ఇంకా మానలేదు.

మిషను సన్నగా మూలగడం మొదలుపెట్టగానే, ఇక పదిహేను నిమిషాలే కదా అని టైలరమ్మ గదిలోకి వెళ్ళి ఈత బట్టలు తొడుక్కోసాగింది. జగ్గులో రెండు వేళ్ళ మందాన కాఫీ దిగింది. ఇల్లంతా వాసన కమ్ముకుంది. అప్పుడు మిషను గుర్రుగుర్రుమంది.

నిద్రలో ఉన్న మేస్త్రి దిగ్గున లేచాడు. పంపు గుర్రుమందంటే దానికి ఒకటే అర్థం. గాలి పట్టింది. నీళ్ళు అందక పంపు గాలి పీలుస్తోంది. రెండు నిమిషాలు అలాగే వదిలేస్తే మోటారు కాలిపోతుంది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వంటింట్లోకి ఉరికి ప్లగ్గు లాగేశాడు.

గాలి పట్టిన పంపుకు మందు కూడా ఒకటే. పైనుంచి నీళ్ళు పోసి గొట్టం నింపాలి. మేస్త్రి అడ్డంగా ఉందని జగ్గు తీసి పక్కన పెట్టాడు. మూత ఎత్తి, పొడి ఉన్న బుట్టలోకే చెంబుడు నీళ్ళు పోశాడు. జగ్గు తీస్తే బుట్ట కింద ఉన్న చిన్న బిరడా మూసుకుంటుందని, అప్పుడు చుక్క కూడా కిందికి దిగదని పుస్తకం రెండో పేజీలో ఉంది. మేస్త్రి జీవితంలో ఏ పంపుకూ పుస్తకం చదవలేదు. రెండో చెంబు పోశాడు. బుట్ట నిండి పొంగింది. పొడీ నీళ్ళూ కలిసిన నల్లటి బురద మిషను నాలుగు వైపులా కారి, గట్టు దాటి, నేల మీద కాలువ కట్టింది. నీళ్ళు దిగుతాయేమోనని ఆయన మిషనును తలకిందులు చేశాడు. అప్పుడు జగ్గుకు మోచెయ్యి తగిలి, దిగిన ఆ రెండు వేళ్ళ కాఫీ కూడా కాలువలో కలిసింది.

టైలరమ్మ వచ్చేసరికి మిషను వెల్లకిలా పడుకుని ఉంది. మేస్త్రి దాని అడుగు మరలు విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"గాలి పట్టింది. నేను లేకపోతే ఈపాటికి కాలిపోయేది."

"అది గాలి పట్టడం కాదండీ. దాని పద్ధతే అంత. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినవాడు పంపు విప్పాడా ఎప్పుడైనా?" అంటూ ఆయన నాలుగో మర కూడా తీసి, అడుగు రేకు ఎత్తి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. లోపల గుర్రపు నాడాలా వంచిన ఒక గొట్టం, రెండు రబ్బరు పైపులు, నాలుగు వైర్లు ఉన్నాయి. వేలు పెట్టి కెలికాడు.

"ఏమే, దీంట్లో మోటారు లేదు."

"ఉండదు."

"ఉండదంటే? ఇదిగో ఫుట్‌వాల్వు ఉంది. ఎక్కిన నీళ్ళు వెనక్కి రాకుండా పెట్టే వాల్వు. వాల్వు పెట్టినవాడు మోటారు పెట్టడూ? ఎవడో మధ్యలో మింగేశాడు. నిన్ను మోసం చేశారు."

"ఆవిరి తోస్తుందండీ నీళ్ళని."

"ఆవిరికి చేతులున్నాయా తొయ్యడానికి? నీళ్ళు పల్లానికి పారతాయి. మెరకెక్కాలంటే మోటారుండాలి. ముప్పై ఐదేళ్ళు నేను గాడిదల్ని కాశాననుకుంటున్నావా?"

ఈలోగా పక్క గదిలోంచి అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. కాఫీ గొంతులో పడేదాకా ఆవిడ కళ్ళు తెరవదు. డెబ్బై ఏళ్ళుగా అదే పంతం. కళ్ళు మూసుకునే ఇల్లంతా తిరుగుతుంది, కుర్చీ వెతుక్కుంటుంది, పాలవాడితో పోట్లాడుతుంది.

"వాసనొచ్చింది. కాఫీ రాలేదు. ఏం కోడలా, ఓడిపోయావా?"

"ఓడిపోలేదు అత్తయ్యా. మీ అబ్బాయి మిషను విప్పారు."

"వాడు చిన్నప్పుడు గడియారం కూడా విప్పాడు. ఇప్పటికీ బిగించలేదు" అంటూ ఆవిడ కుర్చీలో కూర్చుంది. "అదంతా నాకెందుకు. ఆరైంది. పొయ్యి ఉందిగా."

"పొయ్యి వెలిగించను."

టైలరమ్మ గుడ్డ తీసుకుని నేల తుడవడానికి వంగింది. అంతలో గుమ్మంలోంచి, "ఆగమ్మా, తుడవద్దు" అన్న కేక వినిపించింది. వాసన పట్టుకుని పైయింటి వకీలుగారు దిగి వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళలో ఒక్క కేసూ ఓడిపోలేదు. వాయిదాలతోనే కాలం నెట్టుకొచ్చారు కాబట్టి గెలిచిందీ లేదు. మేస్త్రి రెండు ముక్కల్లో సంగతి చెప్పగానే ఆయన చొక్కా జేబులోంచి కలం తీశారు.

"ఇది సాక్ష్యం. నేల మీద ఉన్నది కూడా సాక్ష్యమే. ఒక్క చుక్క చెరిగినా కేసు నీరుగారిపోతుంది. మోటారు ఉందని చెప్పి అమ్మారా?"

"లేదు అన్నయ్యగారూ. మోటారు ఊసే ఎత్తలేదు."

"చూశావా మేస్త్రీ, దాచిపెట్టారు." వకీలుగారు రాసుకున్నారు. "ఇందులో చూసిన సాక్షి ఎవరు?"

"నేను" అంది అత్తగారు.

"మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు కదమ్మా."

"వాడు నా కొడుకు. వాడేం చేస్తాడో తెలియడానికి నాకు కళ్ళెందుకు?"

మిషను అమ్మిన షాపు వీధి మొదట్లోనే ఉంది. షాపావిడ ఆ షాపు మేడ మీదే ఉంటుంది. వకీలుగారు ఫోనులో నోటీసు, నేరం, శిక్ష అని మూడు మాటలు వాడేసరికి ఆవిడ ఇంకో మిషను చంకన పెట్టుకుని, జుట్టు ముడి వేసుకుంటూ పరుగున వచ్చింది. వస్తూనే నేల మీది కాలువలో కాలు వేసి, వకీలుగారి భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. ఆయన కాగితం మీద పెద్ద గీత పడింది.

"అక్కా, దాన్నెవరు విప్పారు? విప్పిన మిషనుకి వారంటీ ఉండదు."

"వారంటీ మాట తర్వాత. మోటారేదమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఇందులో మోటారుండదు సార్. వేడికే నీళ్ళు పైకొస్తాయి. మీకు చూపించడానికే ఇంకోటి తెచ్చా. చూడండి, ముందుగా నీళ్ళు..."

ఆవిడ ఆ మాట పూర్తి చేసేలోపే మేస్త్రి రెండో మిషనును బోర్లించి అడుగు ఊడదీశాడు. లోపలికి తొంగిచూసి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని వకీలుగారి వైపు తిరిగాడు.

"దీంట్లోనూ లేదు. ఇది ఒకడి పని కాదు, ముఠా."

"అయ్యో సార్, ఏ దేశంలో చేసిన మిషన్లోనూ ఉండదు."

"అయితే అన్ని దేశాలవాళ్ళూ మోసపోయారు."

టైలరమ్మ గోడ గడియారం చూసింది. ఆరుంబావు దాటింది. ఈతకొలనుకు పావుగంట నడక. ఆమె సంచీ తెచ్చుకుని స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ కూర్చోవడం చూస్తే, కోర్టువాళ్ళొచ్చి స్టూలుతో సహా మోసుకెళ్ళినా లేవదని ఎవరికైనా అర్థమవుతుంది. మేస్త్రికి కాలేదు. ఆయన అప్పటికే అటక మీంచి పాత కూలరు పంపు దించాడు.

"నీ ఈత ఎందుకు ఆగాలే? లేని మోటారు నేను పెడతా."

"వద్దండీ. ఉన్నది ఉన్నట్టు బిగిస్తే చాలు."

"నీకు తెలియదు, ఊరుకో."

పనిలో దిగితే ఆయన పనితనం చూడముచ్చటగా ఉంటుంది. ఐదు నిమిషాల్లో మొదటి మిషను తొట్టిలో కూలరు పంపు దింపి, దాని పైపును చిల్లుల మూత వెనక బిగించి, జగ్గును పళ్ళెం మీదికి తోసి, "ఇప్పుడు చూడండి" అని స్విచ్చు వేశాడు. గదినంతా చల్లబరచాల్సిన పంపు అది. నాలుగు కప్పుల నీళ్ళు దానికి ఏ మూలకి? మూత ఎగిరి సీలింగుకు కొట్టుకుంది. దాని వెనకే నీళ్ళు ఎగిరాయి. సీలింగు నుంచి దిగివచ్చిన వాన వకీలుగారి నోటీసు మీద, షాపావిడ ముడి మీద, అత్తగారి నెత్తి మీద పడింది. స్విచ్చుబోర్డు ఒకసారి చిటపటమని ఊరుకుంది. ఫ్యూజు ఎగిరిపోయి ఫ్రిజ్జు కూడా మూగబోయింది.

అత్తగారు కళ్ళు తెరవలేదు. పెదవి మీది చుక్కను నాలుకతో అందుకుని రుచి చూసింది.

"చల్లగా ఉంది. ఇది కాఫీ కాదు."

తర్వాత నలుగురూ ఒకేసారి టైలరమ్మ వైపు తిరిగారు. అంతవరకు ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్న వాళ్ళందరికీ అప్పుడు ఒకటే మాట దొరికింది.

"ఈ ఒక్కరోజుకీ పొయ్యి మీద పెట్టెయ్యవే" అన్నాడు మేస్త్రి.

"సాక్ష్యాధారాలు తడిసిపోయాయి కనుక రాజీ మేలమ్మా" అన్నారు వకీలుగారు.

"పెట్టెయ్యండక్కా, నాకూ కొంచెం" అంది షాపావిడ.

"ఒప్పందం ఒప్పందమే" అంది అత్తగారు. "కాఫీ రాలేదు. పొయ్యి వెలిగించు."

టైలరమ్మకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. వెలిగిస్తే ఎంతలో పని, ఐదు నిమిషాలు. కానీ ఆ ఐదు నిమిషాలు ఈ ఒక్కరోజువి కావని ఆమెకు తెలుసు. పెళ్ళయిన మర్నాడు మొదలైన ఆ ఒక్కరోజు ముప్పై ఏళ్ళుగా తెల్లారుతూనే ఉంది.

"వెలిగించను" అంది. "ఈవేళే కాదు, పొద్దునపూట ఇంకెప్పుడూ వెలిగించను. కావాలంటే నలుగురూ కలిసి నా మీద కేసు వెయ్యండి." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఏవండీ, నేనొకటడుగుతా, చెప్పండి. నీళ్ళు అడుగంటిన బోర్లలో మోటారు దించేవారా?"

ఎంత ఉక్రోషంలో ఉన్నా పంపుల మీద ప్రశ్న అడిగితే మేస్త్రి జవాబు చెప్పకుండా ఉండలేడు. "అక్కడ మోటారెందుకు దించుతాం? కాలిపోతుంది. సన్నగొట్టం దించి అడుగుదాకా గాలి కొడతాం."

"కొడితే?"

"గాలి బుడగలై లేస్తుంది. గొట్టంలో నీళ్ళూ బుడగలూ కలిస్తే బరువు తగ్గుతుంది. తగ్గితే బయటి నీళ్ళు కింద నుంచి నెడతాయి. గుర్రుగుర్రుమంటూ, ఒక దఫా నీళ్ళు, ఒక దఫా గాలి..." మేస్త్రి ఆగిపోయాడు.

"పెళ్ళయిన కొత్తలో ఇదంతా గంటసేపు చెప్పారు. నేను నిద్రపోయాననుకున్నారు" అంది టైలరమ్మ. "మీరు పైనుంచి గాలి కొట్టేవారు. ఇది కింద నీళ్ళు కాచి, బుడగ అక్కడే పుట్టిస్తుంది. ఎక్కిన నీళ్ళు వెనక్కి రాకుండా మీ వాల్వు ఉండనే ఉంది. ఇంకేం కావాలి?"

మేస్త్రి రెండో మిషను ఎత్తి, గొట్టాన్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలితో తడిమాడు. వాల్వు దగ్గర వేలు ఆగింది. తొట్టి వైపు చూశాడు, చిల్లుల వైపు చూశాడు. ముప్పై ఐదేళ్ళ అనుభవం ఆయన మొహంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా జరిగింది.

"ఫ్యూజు" అన్నాడు.

ఆ తర్వాత పనులన్నీ ఆయన చేతులే చేసుకుపోయాయి. ఫ్యూజు వేశాడు. స్విచ్చుబోర్డు తుడిచాడు. రెండో మిషను అడుగు బిగించాడు. షాపావిడ సాయానికి చెయ్యి పెట్టబోతే, "నువ్వు ముట్టుకోకమ్మా" అన్నాడు. జీవితంలో మొదటిసారి పుస్తకం తెరిచి, రెండో పేజీ పైకి చదివి, నీళ్ళు నాలుగో గీత దాకా పోశాడు. కాగితం అంచు మడిచాడు. పొడి వేశాడు. జగ్గు టక్కుమనేదాకా తోశాడు. మీట నొక్కి, డాక్టరు రోగి ఛాతీకి గొట్టం ఆనించినట్టు మిషను పక్కకు చెవి ఆనించాడు.

మిషను మూలిగింది. గుర్రుమంది. ఈసారి మేస్త్రి మొహం విచ్చుకుంది.

"వింటున్నారా వకీలుగారూ? అదుగో బుడగ. దాని వెనకే నీళ్ళు. మళ్ళీ బుడగ. అరిగే ముక్క ఒక్కటి లేదు. దీన్ని తయారుచేసినవాడు ఎవడోగానీ వాడికి దణ్ణం పెట్టాలి."

"మరి ముఠా?" అన్నారు వకీలుగారు.

"ముఠా ఏమిటండీ, అసలు పనిమంతుడు. ఏమ్మా, నువ్వు షాపులో 'వేడికే నీళ్ళు పైకొస్తాయి' అని చెబుతున్నావు చూడు, అది తప్పు. వేడికి నీళ్ళు రావు, బుడగకు వస్తాయి. కొనేవాళ్ళకి సరిగ్గా చెప్పాలి."

షాపావిడ ముడిలోంచి నీళ్ళు పిండుకుంటూ వకీలుగారి వైపు తిరిగింది. "నావి రెండు మిషన్లు విప్పారు సార్. దీనికి కేసు పడుతుందా?"

"బ్రహ్మాండంగా పడుతుందమ్మా" అంటూ ఆయన తడిసిన కాగితం తిరగేసి, రెండో వైపు కొత్తగా రాయడం మొదలుపెట్టారు.

మేస్త్రి ఎవరి మాటా వినిపించుకోవడం లేదు. జగ్గు నిండుతుంటే, పసిపిల్లకు స్నానం చేయిస్తున్నప్పుడు వేరెవరూ దగ్గరికి రాకుండా చూసుకునే తల్లిలా రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. "రేపటి నుంచి దీని దగ్గరికి ఎవరూ రావద్దు. పొద్దున్నే నేనే చూసుకుంటా. ఆడవాళ్ళకి దీని లోపలి సంగతి తెలియదు, పాడుచేస్తారు" అన్నాడు.

వకీలుగారి కలం ఆగింది. కళ్ళు మూసుకునే ఉన్న అత్తగారు ముక్కు కాస్త ఎత్తి, "వచ్చింది" అంది. ఆవిడ ఒప్పుకుంటే అంతే, అంతకు మించి మాట రాదు. తర్వాత చెయ్యి చాచింది. "తే."

మేస్త్రి నిండు జగ్గు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. పై అర తెరిచాడు, పప్పు డబ్బాలున్నాయి. కింద సొరుగు లాగాడు, గరిటెలున్నాయి. గోడ గడియారం ఆరూ నలభై నాలుగు చూపిస్తోంది. టైలరమ్మ స్టూలు మీంచి లేచి, సంచీ భుజాన వేసుకుని, నేల మీది నల్లటి కాలువను ఒక్క అంగలో దాటి, బయటికి నడిచి తలుపు దగ్గరగా వేసింది.

కప్పులు ఎక్కడుంటాయో తెలిసిన మనిషి ఇప్పుడే వెళ్ళిపోయిందని లోపల నలుగురికీ అప్పుడు తెలిసింది.